ఇరుసు విరిగితే దోషం ఎవరిది?

మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో బండి ప్రమాదాల మీద కొన్ని శ్లోకాలున్నాయి. బండి వల్ల హాని జరిగినా పది సందర్భాల్లో దండన ఉండదని అక్కడ లెక్క చెప్పారు. ముక్కుతాడు తెగినప్పుడు, కాడి విరిగినప్పుడు, ఇరుసు విరిగినప్పుడు, చక్రం విరిగినప్పుడు, తోలు పట్టీలు తెగినప్పుడు, బండి పక్కకో వెనక్కో మళ్లిపోయినప్పుడు ఎవరికీ శిక్ష లేదు. తప్పుకోమని తోలేవాడు గట్టిగా అరిచి ఉంటే అప్పుడూ లేదు. తోలడం చేతకానివాడి వల్ల హాని జరిగితే మాత్రం వాణ్ని పెట్టుకున్న యజమానికి రెండు వందల పణాల జరిమానా. నేర్పు ఉండి కూడా అజాగ్రత్తగా తోలితే శిక్ష తోలినవాడికే. చేతకానివాడు తోలే బండిలో ఎక్కి కూర్చున్నవాళ్లకు కూడా తలా వంద పణాలు. ఇదే గ్రంథం శిక్షలను వర్ణాన్ని బట్టి హెచ్చించింది, తగ్గించింది. అందువల్ల దాన్ని ధర్మానికి కొలబద్దగా నేను తీసుకోను. అయినా ఒక వస్తువు విరిగి మనిషి చనిపోతే ఆ చావు ఎవరి లెక్కలో పడాలన్న ప్రశ్నను అంత పాతకాలంలో, అంత వివరంగా అడిగినవాళ్లు మన దేశంలో ఉన్నారు. ఆ ప్రశ్నను మనం మళ్లీ అడగాల్సిన పరిస్థితి వచ్చింది.

ఆ మినహాయింపుల వెనక పైకి చెప్పని ఒక ఊహ ఉంది. ఇరుసు విరగబోతోందని ముందుగా ఎవరికీ తెలియదు. ఊరి వడ్రంగి చెక్కిన ఇరుసు అలాంటిది మరొకటి లేదు. కర్రలో పుచ్చు ఉంటే అది విరిగేదాకా బయటపడదు, విరిగాక ఆ సంగతి పక్క ఊరి బండికి ఏ రకంగానూ పనికిరాదు. ఈనాటి వాహనం సంగతి వేరు. ఒకే నమూనాలో, ఒకే రకం సరుకుతో లక్షల భాగాలు తయారవుతాయి. ఒక ఊళ్లో ఒకటి ఎందుకు విరిగిందో తేలిందంటే మిగతా ఊళ్లలో తిరుగుతున్నవాటి సంగతి కూడా తయారుచేసినవాడికి తెలిసినట్టే. ఏది విరుగుతుందో తెలియదు, కొన్ని విరుగుతాయని మాత్రం తెలుసు. ఇలాంటి తెలివిడి పాత ధర్మశాస్త్రాలు రాసినవాళ్లకు ఎదురుకాలేదు. నేను చెప్పదలచుకున్నదంతా దీని మీదే నిలబడి ఉంది. ఈ తెలివిడి కలిగిన క్షణం నుంచి ఆ లోపం దైవం లెక్కలోంచి మనుషుల లెక్కలోకి వస్తుంది. సరుకు అమ్ముడైపోయినంత మాత్రాన ఆ లెక్క తీరిపోదు. కంపెనీలు తమ వాహనాలను వెనక్కి పిలిచి ఉచితంగా బాగుచేసే రీకాల్ పద్ధతిని వ్యాపార మర్యాదగానో, చట్టం నెత్తిన పెట్టిన బరువుగానో చూడటం మనకు అలవాటైంది. అది ధర్మానికి సంబంధించిన విధి అని నా నమ్మకం.

దీనికి మొదట అడ్డు వచ్చేది మన ఇళ్లలో వినిపించే మాటే. రోడ్డు మీద ఎవరైనా పోతే ఆయువు తీరిందంటాం, అలా రాసిపెట్టి ఉందంటాం. ఆ మాటను నేను తేలిక చేయను. కొడుకును పోగొట్టుకున్న తల్లి ఆ రాత్రి గడవడానికి దాన్ని పట్టుకుంటుంది, దాన్ని లాగేసుకునే హక్కు ఎవరికీ లేదు. కానీ కర్మసిద్ధాంతం జవాబు చెప్పే ప్రశ్న ఒకటి, రీకాల్ జవాబు చెప్పే ప్రశ్న మరొకటి. ఆ రోజు ఆ కారులో ఆ మనిషే ఎందుకు కూర్చున్నాడన్నది మొదటిది. ఆ కారు బ్రేకు ఎందుకు పడలేదన్నది రెండోది. మొదటిదానికి చెప్పే జవాబుతో రెండోదాన్ని కప్పేయడం కర్మసిద్ధాంతానికే అన్యాయం. భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం ఏ పని జరగడానికైనా ఐదు కారణాలు చెబుతుంది. పనికి ఆధారమైన చోటు, చేసేవాడు, పనిముట్లు, రకరకాల చేష్టలు, ఐదోది దైవం. వ్యాఖ్యాతలు పనిముట్లంటే ప్రధానంగా ఇంద్రియాలని చెప్పారు, నిజమే. అయినా చేసేవాడొక్కడే కారణమనుకునేవాడికి చూపు సరిగా లేదని అదే అధ్యాయం హెచ్చరిస్తుంది. దైవం దాకా పోవాలంటే మిగతా నాలుగింటినీ దాటుకుని పోవాలి. మనం మాత్రం డ్రైవరు తాగాడా అని ఒక్కమాట విచారించి, లేదని తెలియగానే నేరుగా ఐదోదాని దగ్గరికి పోతున్నాం. నడుమ వాహనమనేది ఒకటి ఉందనీ, దాన్ని మనుషులే చేశారనీ మరిచిపోతున్నాం.

ఆ మరుపు ఎంత దూరం పోగలదో చూపే ఉదాహరణ అమెరికాలో ఉంది. జనరల్ మోటార్స్ కంపెనీ షెవ్రొలే కోబాల్ట్, శాటర్న్ అయాన్ వంటి చిన్న కార్లలో పెట్టిన ఇగ్నిషన్ స్విచ్‌కు ఉండాల్సిన బిగువు లేదు. తాళాల గుత్తి బరువుకో, మోకాలు తగిలో తాళం జారి, నడుస్తున్న ఇంజన్ ఆగిపోయేది. దాంతో స్టీరింగుకూ బ్రేకులకూ ఆసరా పోయేది, ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేవి కావు. కంపెనీ సొంత కొలతలకు తక్కువగా ఉన్న ఆ స్విచ్‌ను 2002లో ఒక ఇంజనీరు ఆమోదించాడు. తర్వాత స్విచ్‌ను గట్టిగా మార్చారు, 2006లో ఆ మార్పుకు ఆమోదం కూడా పడింది, కానీ భాగం నంబరు మాత్రం పాతదే ఉంచేశారు. రెండు వేర్వేరు స్విచ్‌లు ఒకే నంబరుతో తిరుగుతుంటే ప్రమాదాల మీద విచారణ చేసేవాళ్లకు ఏళ్ల తరబడి కారణం దొరకలేదు. రీకాల్ 2014లో గానీ మొదలుకాలేదు. ఈ లోపానికి సుమారు 26 లక్షల కార్లను పిలిచారు. పరిహార నిధి అంగీకరించిన మరణాలు 124. బిగువైన కొత్త స్విచ్ ఖరీదు ఎక్కువేమీ కాదు.

ఆ 124 మందిలో ఒకరి కథ నన్ను వదలదు. 2004లో టెక్సాస్‌లో ఒక యువతి తనకు కాబోయే భర్తను పక్కన కూర్చోబెట్టుకుని శాటర్న్ అయాన్ నడుపుతోంది. కారు రోడ్డు దిగి చెట్టుకు గుద్దుకుంది, అతను చనిపోయాడు. నిర్లక్ష్యంతో మనిషి చావుకు కారణమయ్యానని ఆమె కోర్టులో నేరం ఒప్పుకుంది. ఆ ప్రమాదానికి స్విచ్ లోపంతో సంబంధం ఉందని కంపెనీ అంగీకరించాక 2014 నవంబరులో న్యాయమూర్తి ఆ తీర్పును కొట్టేశారు. నడుమ పదేళ్లు ఆమె తన చేతులతో తానే చంపుకున్నానన్న భారంతో బతికింది. ధర్మం గురించి ఆలోచించేవాళ్లు ఇక్కడ ఆగాలి. లోపాన్ని దాచడం వల్ల ప్రాణం పోవడం ఒక హాని. అంతకు మించినది, చేయని పాపాన్ని ఇంకొకరి నెత్తిన పెట్టడం. కర్మఫలాన్ని ఒకరికి బదులు ఒకరు అనుభవించరని నమ్మే సమాజం మనది. తెలిసినదాన్ని తొక్కిపెట్టినవాడు సరిగ్గా ఆ పనే చేయిస్తున్నాడు. డ్రైవరు మీద తోస్తే మనిషి మోస్తాడు, విధి మీద తోస్తే దేవుడు మోస్తాడు. దోషం చేసినవాడి భుజం ఖాళీగానే ఉంటుంది.

తెలిసి ఉండటం దోషాన్ని మారుస్తుందన్న గుర్తింపు మన సంప్రదాయానిదే కాదు. బైబిలు నిర్గమకాండంలో ఎద్దు మనిషిని పొడిచి చంపితే ఎద్దునే చంపుతారు, యజమానికి శిక్ష లేదు. ఆ ఎద్దుకు పొడిచే అలవాటుందని ముందే హెచ్చరించినా కట్టేయకపోతే యజమానికీ మరణదండనే. ఇస్లాం సంప్రదాయంలో ప్రవక్త అంగట్లో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూసిన ఉదంతం ప్రసిద్ధం. పైన పొడి గింజలు, లోపల తడి. తడిసినవాటిని కొనేవాళ్లకు కనబడేట్టు పైన ఎందుకు ఉంచలేదని ఆయన అమ్మేవాణ్ని నిలదీశారు. తడి వాన వల్ల వచ్చిందే, అమ్మేవాడు తడపలేదు. తడిసిందని తెలిసీ కింద పెట్టడమే అతని తప్పు.

అయితే ఎద్దుకు ఒక యజమాని ఉంటాడు, గింజల రాశి వెనక ఒక మనిషి కూర్చుని ఉంటాడు. వేలమంది పనిచేసే కంపెనీలో తెలిసింది ఎవరికి? ఆత్మ లేని సంస్థకు పాపపుణ్యాలెక్కడివి? ఈ అభ్యంతరం గట్టిదే. జనరల్ మోటార్స్ వ్యవహారం మీద 2014లో వెలువడిన విచారణ నివేదిక ఆ సంస్థలోని ఒక అలవాటును బయటపెట్టింది. సమావేశంలో అందరూ ఏదో ఒకటి చేయాలని తలలూపుతారు, బయటికి వచ్చాక ఎవరూ చేయరు. ఒక విభాగానికి ఇంజన్ ఆగిపోతోందని తెలుసు, ఇంకో విభాగానికి ఎయిర్‌బ్యాగు తెరుచుకోలేదని తెలుసు, రెండింటినీ కలిపి చూసే పని ఎవరిదీ కాదు. ఇందుకు నాకు తోచిన జవాబు మనువు చెప్పిన ఆ చివరి జరిమానాలోనే ఉంది. చేతకానివాడు తోలే బండిలో కూర్చున్నవాళ్లు పగ్గం పట్టుకోలేదు, అయినా తలా వంద పణాలు కట్టాలి. కలిసి సాగే పనిలో దోషాన్ని పంచితే అది పలచబడిపోదు, ప్రతివాడి వాటా ప్రతివాడి దగ్గరే ఉంటుంది. తల ఊపి లేచిపోయిన ప్రతి అధికారీ ఆ బండిలో కూర్చున్నవాడే.

ఇంకో అభ్యంతరం లెక్కలు తెలిసినవాళ్లది. లోపం లేని యంత్రం లోకంలో లేదు. ప్రతి చిన్న అపాయాన్నీ తుడిచేయాలంటే కారు ధర సామాన్యుడికి అందదు, ఎక్కడో ఒక గీత గీయక తప్పదు. ఇందులో నిజముంది, దాన్ని కాదనడం నిజాయితీ కాదు. ఈ వాదం పేరెత్తగానే ఫోర్డ్ కంపెనీ 1973 నాటి పత్రం గుర్తుకొస్తుంది. ఇంధనం కారి అంటుకునే మంటలను తగ్గించే మార్పుకు వాహనానికి 11 డాలర్ల చొప్పున 13.7 కోట్ల డాలర్లు ఖర్చవుతుందనీ, తప్పించగల 180 మరణాలకూ, కాలిన గాయాలకూ, వాహనాల నష్టానికీ వెల కడితే 4.95 కోట్ల డాలర్లే వస్తుందనీ అందులో తేల్చారు. మనిషి ప్రాణం విలువ 2 లక్షల డాలర్లు. వెనక నుంచి గుద్దితే ఇంధన ట్యాంకు అంటుకునే పింటో కారు గురించే ఆ పత్రం రాశారని చాలామంది చెబుతారు గానీ అది సరికాదు. అమెరికాలో అమ్ముడయ్యే కార్లన్నిటికీ సంబంధించి, బోల్తా పడినప్పుడు ఇంధనం కారడం మీద ప్రభుత్వ సంస్థకు సమర్పించిన లెక్క అది. ప్రాణానికి కట్టిన వెల కూడా ప్రభుత్వ లెక్కల నుంచే తీసుకున్నారు. అందువల్ల వెల కట్టడమే మహాపాపమని నేను అనను. రోడ్లు వేసే ప్రభుత్వాలూ, ఆసుపత్రులూ ఏదో ఒక రూపంలో ఆ లెక్క వేస్తూనే ఉంటాయి. నా పట్టు వేరేచోట ఉంది. గీత ఎక్కడ గీశారో ఆ గీతకు అవతల నిలబడ్డవాడికి చెప్పాలి. అపాయం ఒకడిది, లాభం ఇంకొకడిది అయినప్పుడు లెక్క ఎంత సరిగా ఉన్నా, అపాయం మోసేవాడికి చెప్పకుండా వేసినది ధర్మం కాదు. రీకాల్ చేసే మొదటి పని చెప్పడం, రెండోది బాగుచేయడం. మొదటిది లేని లెక్క ఎంత శాస్త్రీయంగా ఉన్నా తడి గింజల రాశే.

ఇప్పటిదాకా తెలిసీ దాచినవాళ్ల గురించి మాట్లాడాను. తెలియక తప్పు జరిగి, తెలిశాక దిద్దుకోబోయినవాడి సంగతి ఇంకా కష్టమైనది. భాగవతం దశమ స్కంధంలోని నృగ మహారాజు కథ నాకు ఆ సందర్భంలోనే అర్థమవుతుంది. ఆయన లెక్కలేనన్ని ఆవులను దానం చేశాడు. ఒక బ్రాహ్మణుడికి చెందిన ఆవు తప్పిపోయి రాజు మందలో కలిసింది, తెలియక దాన్ని ఇంకొకరికి దానమిచ్చాడు. ఇద్దరూ వచ్చి తగవుపడితే, ఆ ఒక్క ఆవును వదులుకుంటే లక్ష ఆవులిస్తానని రాజు ఇద్దరినీ వేడుకున్నాడు. ఇద్దరూ కాదని వెళ్లిపోయారు. రాజు ఊసరవెల్లిగా పుట్టి, కృష్ణుడు తీసేదాకా పాడుబావిలో పడి ఉన్నాడు. ఉద్దేశం లేదు, తెలిసి చేయలేదు, తెలిశాక దిద్దబోయాడు, అయినా దోషం పోలేదు. మొదట ఇది మరీ కఠినం అనిపిస్తుంది. కానీ దానానికి ముందు మందను లెక్క చూసుకోవడం రాజు చేతిలో ఉన్న పని. అంత పెద్ద ఎత్తున ఇచ్చేవాడు అంతకు తగ్గట్టు సరిచూసుకోవాలి. లక్షల్లో తయారుచేసి లక్షల్లో అమ్మేవాడికి ఉత్తరం పంపాం, మా బాధ్యత తీరిందనే వీలు ఆ కథ ఇవ్వడం లేదు.

ఆ కథలో రెండో వైపు కూడా ఉంది. పుచ్చుకున్నవాడు తిరిగి ఇవ్వనన్నాడు. జపాన్‌కు చెందిన తకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగుల వ్యవహారంలో ఇదే జరిగింది. ఎయిర్‌బ్యాగును ఉబ్బించడానికి ఆ కంపెనీ వాడిన అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికీ తేమకూ గురై చెడిపోతుంది. అప్పుడు చిన్న ప్రమాదానికే ఇన్‌ఫ్లేటర్ డబ్బా బద్దలై లోహపు ముక్కలు మనిషి మీదికి దూసుకొస్తాయి. పరీక్షల వివరాలను తారుమారు చేసిన నేరాన్ని కంపెనీ 2017లో ఒప్పుకుంది, ఆ ఏడాదే దివాలా తీసింది. ఒక్క అమెరికాలోనే వెనక్కి పిలిచిన ఇన్‌ఫ్లేటర్లు సుమారు 6.7 కోట్లు. 2001 నుంచి 2003 వరకు వచ్చిన కొన్ని హోండా, అక్యూరా కార్లలో, ఎయిర్‌బ్యాగు తెరుచుకుంటే అది బద్దలయ్యే అవకాశం యాభై శాతం దాకా ఉందని పరీక్షల్లో తేలింది. బాగుచేయించేదాకా వాటిని అసలు నడపవద్దని అక్కడి రోడ్డు భద్రతా సంస్థ 2016లో చెప్పింది. మరమ్మతు ఉచితం. అయినా ఏళ్లు గడిచినా రానివాళ్లు లక్షల్లో మిగిలారు. చేతులు మారిన పాత కార్లకు ఉత్తరాలు చేరకపోవడం ఒక కారణం. చదువుకోవడానికి అక్కడికి వెళ్లి, చవకగా దొరికిన పాత కారు కొనుక్కునే మన పిల్లలు సరిగ్గా ఆ వరుసలో ఉండేవాళ్లు. రీకాల్ పని పెండింగులో ఉన్న కొత్త కారును అమ్మడం అక్కడ చట్టవిరుద్ధం, పాత కారును అలాగే అమ్మడాన్ని మాత్రం ఫెడరల్ చట్టం ఆపదు. అద్దె కార్ల విషయంలో కూడా 2015 దాకా అదే పరిస్థితి. 2004లో రీకాల్ పని చేయించని అద్దె కారులో ఇద్దరు అక్కచెల్లెళ్లు చనిపోతే, వాళ్ల తల్లి ఏళ్ల తరబడి పోరాడాక గానీ అలా అద్దెకివ్వడాన్ని ఆపే చట్టం రాలేదు.

నా కారు, నా ప్రాణం, బాగుచేయించుకోకపోతే మీకేమిటి అనేవాళ్లున్నారు. ఒంటరిగా, ఎవరూ లేని దారిలో పోయేవాడికి ఆ మాట చెల్లుతుందేమో. పక్క సీట్లో కూర్చునే పిల్లవాడు ఆ ఉత్తరం చదవలేదు, ఎదురుగా సైకిలు మీద వచ్చేవాడికి ఆ ఉత్తరం రాలేదు. అహింస అంటే చేయెత్తి కొట్టకపోవడం మాత్రమే అయితే దాన్ని పాటించడం చాలా తేలిక. లోపం సంగతి తెలిసీ బద్ధకించిన రోజు నుంచి యజమాని కూడా తయారుచేసినవాడి దోషంలో భాగస్వామి.

మన దేశంలో వాహన కంపెనీల సంఘం 2012లో స్వచ్ఛంద రీకాల్ నియమావళి తెచ్చుకుంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 110ఎ సెక్షన్ చేర్చాక ప్రభుత్వానికి రీకాల్ ఆదేశించే అధికారం వచ్చింది. లోపాన్ని కంపెనీ తనంతట తాను గుర్తించి, ప్రభుత్వానికి తెలిపి, రీకాల్ మొదలుపెడితే జరిమానా లేదు. ముందుకొచ్చి చెప్పినవాణ్ని వేరుగా చూసిన ఆ నిబంధన నాకు నచ్చుతుంది, ప్రాయశ్చిత్తం అన్న ఆలోచనలోని మంచి అందులో ఉంది. 2021 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన నియమాల ప్రకారం, ప్రభుత్వం ఆదేశిస్తే తప్ప కదలనివాళ్లకు కోటి రూపాయల దాకా జరిమానా పడుతుంది. అయితే ఆ నియమాలు ఏడేళ్ల లోపు వాహనాలకే వర్తిస్తాయి, నిర్ణీత సంఖ్యలో ఫిర్యాదులు చేరడమన్నది ఆదేశానికి ఒక ప్రాతిపదిక. పరిపాలనకు ఏదో ఒక హద్దు కావాలని ఒప్పుకుంటాను. ధర్మం దృష్టితో చూస్తే మాత్రం ఆ ఏడేళ్లు నిలబడవు. వయసుతో పాటు పెరిగే లోపాలున్నాయని తకాటా చూపించింది. వేడీ ఉక్కపోతా కలిసి ఉండే మన కోస్తా లాంటి చోట్ల అలాంటివాటికి కాలం మరింత తొందరగా పనిచేస్తుంది. ఎనిమిదో ఏట బద్దలయ్యేదాన్ని తయారుచేసినవాడికి ఎనిమిదో ఏట బాధ్యత ఎందుకు పోవాలి? పైగా పాత వాహనాలు చేరేది కొత్తది కొనలేనివాళ్ల దగ్గరికే.

ఫిర్యాదుల సంఖ్య కోసం ఎదురుచూస్తే ఏమవుతుందో 2022 ఏప్రిల్‌లో మనకు తెలిసింది. విజయవాడలోనూ నిజామాబాద్‌లోనూ ఎలక్ట్రిక్ స్కూటర్ల బ్యాటరీలు ఇళ్లలో పేలి మనుషులు చనిపోయారు. పగలంతా నడిపి రాత్రి ఛార్జింగు పెట్టుకున్న వస్తువు ఇంట్లోవాళ్లను చంపింది. ఆ నెలలోనే కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ నిపుణుల సంఘాన్ని ప్రకటించి, లోపమున్న వాహనాలను వెంటనే వెనక్కి పిలవాలని కంపెనీలకు చెప్పారు. కొన్ని కంపెనీలు వేల సంఖ్యలో స్కూటర్లను పిలిచాయి. రీకాల్ ఎక్కువైతే జనం ఎలక్ట్రిక్ వాహనాలంటేనే భయపడతారని అప్పట్లో వినిపించిన వాదన నాకు అర్థం కాలేదు. జనాన్ని భయపెట్టింది మంట. వెనక్కి పిలిచిన కంపెనీ ఆ భయానికి కారణం చూపించి, హద్దు గీసింది.

మనువు మినహాయింపుల్లోని అరుపు దగ్గరికి వస్తాను. తప్పుకోమని గట్టిగా అరిచినవాడికి దండన లేదు. రీకాల్ నోటీసు అలాంటి అరుపే. కానీ బండిని ఆపలేని ఆ క్షణంలో అరుపే చేయగలిగిన పని; నెలలు, ఏళ్ల వ్యవధి ఉన్నవాడికి అరిచి ఊరుకోవడం సరిపోదు. పైగా అది వినాల్సినవాడికి వినబడాలి. చేతులు మారినా రిజిస్ట్రేషన్ పేరు మారని బైకులూ ఆటోలూ మన రెండు రాష్ట్రాల్లో చాలా తిరుగుతుంటాయి. వాటి రీకాల్ సందేశం ఎప్పుడో అమ్మేసుకున్న మొదటి యజమాని ఫోనుకు పోతుంది. బీమా పునరుద్ధరణ దగ్గరా, కాలుష్య పరీక్ష దగ్గరా, ఆర్టీఏ ఫిట్‌నెస్ దగ్గరా వాహనం ఎవరి చేతుల్లో ఉన్నా వచ్చి నిలబడక తప్పదు. ఆ మూడు చోట్లా ఛాసిస్ నంబరుతో రీకాల్ బాకీ చూసి చెప్పే ఏర్పాటు పెట్టవచ్చు. ఆ తర్వాత మిగిలేది రోజు కూలి. మరమ్మతు ఉచితమే, కానీ కిరాయికి ఆటో తోలేవాడు సర్వీసు సెంటరులో బండి వదిలేసిన రోజున ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలో ఏ నోటీసులోనూ ఉండదు. అతను రాకపోతే నిర్లక్ష్యమని రాసుకుంటారు. అమెరికాలో తకాటా ఎయిర్‌బ్యాగుల కోసం హోండా మనుషులను ఇంటింటికీ పంపింది, మెకానిక్‌లను ఇళ్ల దగ్గరికే పంపి మార్పించింది, బదులు కార్లు ఇచ్చింది. ప్రాణాలు పోయాక, చట్టం వెంటపడ్డాక చేసిందే అయినా, చేయడానికి వీలవుతుందని దాంతో తేలిపోయింది. ఇక్కడ ఆటో స్టాండుకు ఒక మెకానిక్‌ను పంపడానికి, పోయిన పూట కిరాయి చెల్లించడానికి వీలు లేదని కంపెనీలు అంటే ఆ మాట నేను నమ్మను.